బస్సు ముందు కొసరు జపాలు

పోయిన వారం మీరు నన్ను స్కూలు బస్సులో మూడో సీటు కింద వదిలేసి హాయిగా పత్రిక మూసేశారు. నేనింకా అక్కడే ఉన్నాను. నలభై రెండేళ్ళ మనిషి, అందులోనూ నాలాంటి ఒళ్ళున్న మనిషి, రెండు సీట్ల మధ్య దూరి కూర్చోవడమంటే మాటలు కాదు. బయట బంకర్ హిల్ వీధికి అడ్డంగా రెండు వందల మంది ఆడవాళ్ళు మోకరించి జపమాల చెబుతున్నారు. మొదటి వరసలో, సరిగ్గా బస్సు ముక్కుకి ఎదురుగా, మా అక్క గెర్టీ ఉంది.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు చెప్పేస్తాను. నా పేరు వినీ కోక్లీ. నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి చదవాలన్న జడ్జిగారి తీర్పు ప్రకారం ఈ సెప్టెంబరు నుంచి ఊరికి అవతలున్న రాక్స్‌బరీ నల్లజాతి పిల్లల్ని బస్సుల్లో తెల్లవాళ్ళుండే మా చార్ల్స్‌టౌన్ కొండ మీది బడికి తెస్తున్నారు, మా పిల్లల్లో కొందరిని అటు పంపుతున్నారు. కొండ మీద దీన్ని ఒప్పుకున్న ఇల్లు ఒక్కటి లేదు. నేనూ ఒప్పుకోలేదు. మొదటి వారం అక్క పక్కనే జెండా పట్టుకుని ఊరేగింపులో నడిచాను. ఆ వారమే ఎవరో విసిరిన రాయికి బస్సు కిటికీ పగిలి, వెర్లీన్ మేబ్రీ అనే పదిహేనేళ్ళ పిల్లకి కనుబొమ్మ చిట్లింది. లోపల డ్రైవర్ తప్ప పెద్దవాళ్ళెవరూ లేరు. చేతిలో జెండా ఎవరికిచ్చానో ఇప్పటికీ గుర్తు లేదు. బస్సెక్కి, చేతిరుమాలుతో నెత్తురు అదిమి పట్టుకుని, ఆసుపత్రి దాకా ఆ పిల్లతోనే వెళ్ళాను. ఆ మరుసటి సోమవారం అదే బస్సులో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఉద్యోగంలో చేరాను.

అక్కకి చెప్పలేదు. సోమర్‌విల్‌లో బేకరీలో పని దొరికిందన్నాను. ఆ అబద్ధం నిలబెట్టడానికి రోజూ సాయంత్రం ఆ బేకరీకి పోయి ఒక రొట్టె కొని, నేనే కాల్చానని చెప్పి అక్క చేతిలో పెట్టేదాన్ని. “నీ చెయ్యి రోజురోజుకీ తిరుగుతోందే” అని అక్క మురిసిపోయేది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకు జడలు వేసింది, నా పెళ్ళి చేసింది, నా భర్తని మట్టి చేసిన రోజున మూడు పూటలా నాకు అన్నం తినిపించింది. అలాంటి అక్క నాతో మాట్లాడటం మానేసిందంటే కొండ మీద ఇక నాతో ఎవరూ మాట్లాడరు. అందుకే సీటు కింద దూరాను. సిగ్గు పడాల్సిన సంగతే, పడుతున్నాను.

ఆ పొద్దున పోలీసు కెప్టెన్ డెలహంట్ ఆడవాళ్ళతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఒక్క జపమాల చెప్పుకోవచ్చు. పదేసి జపాల చొప్పున అయిదు పదులూ పూర్తవగానే లేచి దారివ్వాలి. ఎనిమిదిన్నరలోగా బస్సు బడి గేటు దాటకపోతే మాత్రం వెనక్కి తిప్పి పంపేస్తానని డ్రైవర్‌కి కూడా చెప్పాడు. ఒక్కసారి బస్సు వెనక్కి తిరిగిందంటే అక్కవాళ్ళు గెలిచినట్టే. రేపు ప్రతి బస్సు ముందూ ఇదే పని చేస్తారు.

“టైమెంతయింది?” అని సీటు కింద నుంచి గుసగుసగా అడిగాను.

“ఎనిమిదీ పది,” అన్నాడు డ్రైవర్ రాస్కో టిల్లరీ. యాభై దాటిన మనిషి. రాక్స్‌బరీలో బాప్టిస్టు చర్చి పెద్దల్లో ఒకడు. అద్దంలోంచి తప్ప వెనక్కి చూడడు, గొంతు ఎప్పుడూ పెంచడు. “ఇంకా ఎంతసేపు వినీగారూ వీళ్ళ ప్రార్థన?”

“ఆఖరి పదిలో ఉన్నారు. అయిదు నిమిషాలు.”

“అంతేనా. మా పాస్టరుగారికి గొంతు సవరించుకోడానికే అంత పడుతుంది.”

నా నెత్తి మీద సీట్లో కూర్చున్న వెర్లీన్ వంగి చూసింది. కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. “మిస్ వినీ, మీ మోచెయ్యి నా శాండ్‌విచ్ మీద ఉంది.”

“తియ్యడానికి చోటు లేదమ్మా.”

“ఉంచండి, పర్లేదు. ఆ ముందున్న ఆవిడ మీకు తెలుసా?”

“తెలీదు.”

“ముక్కు మాత్రం తెలుసంటోంది. అచ్చం మీదే.”

పిల్లలు కిసుక్కుమన్నారు. ఇరవై ఆరు మంది. నెల రోజులుగా ఈ వీధి మలుపు రాగానే కిటికీల దగ్గర నుంచి లోపలికి జరిగి తలలు వంచుకునే పిల్లలు. ఆ నవ్వు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

బయట కనిపించేదంతా వెర్లీన్ నాకు గుసగుసగా చెబుతోంది. ఎనిమిదీ పదిహేనుకి అయిదో పది పూర్తయింది. జపం కోసం తీసిన టోపీని కెప్టెన్ తల మీద పెట్టుకున్నాడు. టిల్లరీ గేరు మీద చెయ్యి వేశాడు. బయట ఒక్కరూ లేవలేదు.

“ఇప్పుడు కొసర్లు,” అంది అక్క.

మా ఇళ్ళలో జపమాల ఒక ఎత్తు, కొసర్లు ఒక ఎత్తు. అసలు జపం అయ్యాక చనిపోయినవాళ్ళకీ, జబ్బు పడినవాళ్ళకీ, సముద్రం మీద ఉన్నవాళ్ళకీ తలా ఒక కొసరు జపం. పేరు ఎత్తేది ఇంట్లో పెద్దబిడ్డ. ఆ పేరు మీద అందరూ కలిసి మరియమ్మకి వందనం చెప్పాలి. పేర్లు వస్తున్నంతసేపూ ఎవరూ మోకాలు ఎత్తకూడదు. చిన్నప్పుడు మా ఇంట్లో జపమాలకి పావుగంట పడితే కొసర్లకి అరగంట పట్టేది.

“గెర్టీ, మనం అనుకుంది ఒక్క జపమాల,” అన్నాడు కెప్టెన్.

“కొసర్లు లేని జపమాల ఎక్కడుంది డెలహంట్? మీ అమ్మ నీకు అలాగే నేర్పిందా? అడుగుదామంటే మూడో వరసలోనే ఉంది.”

మూడో వరసలోంచి ఒక ముసలావిడ కొడుకు వంక చూసింది. కెప్టెన్ మళ్ళీ టోపీ తీసేశాడు.

అక్క మొదలుపెట్టింది. మా పాత దేశంలోని కోర్క్ నుంచి వస్తూ ఓడలోనే పోయిన పెదతాత కార్నీలియస్‌కి. రేవులో సరుకు పెట్టె మీద పడి పోయిన బాబాయి థడీకి. కొరియా యుద్ధంలో పోయిన కొండ కుర్రాళ్ళకి, ఒక్కొక్కరికీ విడివిడిగా. ఓడలు కట్టే నేవీ యార్డు మూసేసి రోడ్డున పడేసిన మగవాళ్ళకి. ఒక్కో పేరుకీ అక్క సగం వందనం చెబుతుంది, రెండు వందల గొంతులు “పరిశుద్ధ మరియమ్మా” అంటూ మిగతా సగం అందుకుంటాయి. బారికేడ్ దగ్గర నిలబడ్డ కుర్ర పోలీసు పెదవులు కూడా కదులుతున్నాయని వెర్లీన్ చెప్పింది.

“పరేడ్‌లో కుప్పకూలి పోయిన బాకా వాయించే మైకీకి.”

“ఇప్పుడు కుక్క వస్తుంది చూడు,” అని వెనక సీట్లోంచి ఒకడు పందెం కట్టాడు.

“మా నాయనమ్మ ఆవుకి,” అంది అక్క.

బస్సంతా గొల్లుమంది. వాడు “దగ్గరదాకా వచ్చాగా” అని గొడవ పెట్టుకున్నాడు. సీటు కింద నేను కొంగు లేని మనిషిని కాబట్టి కోటు చెయ్యి నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను. నవ్వుతూనే భయపడుతున్నాను కూడా. ఎనిమిదీ ఇరవై రెండు అన్నాడు టిల్లరీ. ఇరవై నాలుగు అన్నాడు. బడి గేటు అక్కణ్ణుంచి ఒక్క నిమిషం దారి.

అక్క ఎత్తు నాకు అర్థమవుతూనే ఉంది. కొండ మీద ప్రతి ఇంటికీ ఒక్కటే పద్ధతి. పెద్దబిడ్డ అందరి పేర్లూ చెప్పి, చివర్లో నాన్న పేరు, ఆ తర్వాత అమ్మ పేరు చెప్పాలి. అమ్మ పేరు వచ్చిందంటే ఇక పేర్లు లేవు. అప్పుడు ఇంట్లో ఆఖరి బిడ్డ ముగింపు మాట చెప్పి ఆమెన్ అంటుంది, అందరూ లేస్తారు. అక్క ప్రపంచంలో ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ అందరినీ పిలుస్తోంది గానీ నాన్న జోలికి మాత్రం పోవడం లేదు.

కానీ పేర్లు ఎన్నని దొరుకుతాయి? ఆవు తర్వాత పక్కింటివాళ్ళు అయిపోయారు, పాత ఫాదర్లు ముగ్గురూ అయిపోయారు. అక్క ఆగింది. రాళ్ళు పరిచిన రోడ్డు మీద మోకాళ్ళు అటూ ఇటూ జరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ ఖాళీలో అక్క నోటికి అలవాటైన పేరు దానంతట అదే వచ్చేసింది.

“మా నాన్న జెరెమయాకి.”

జపం అయింది. అక్కడ నాలిక కరుచుకుని ఆపేయవచ్చు. ఆపలేదు. నాన్న పేరు తర్వాత అమ్మ పేరు చెప్పకుండా ఆ నోరు ముప్పై అయిదేళ్ళలో ఏ రోజూ ఆగలేదు. అక్క గొంతు మారింది. అది బస్సుల్ని అడ్డుకునే తల్లుల సంఘం అధ్యక్షురాలి గొంతు కాదు, అమ్మ పోయిన ఏడాది వంటింట్లో మమ్మల్ని చుట్టూ మోకరింపజేసిన పదిహేడేళ్ళ పిల్ల గొంతు.

“మా అమ్మ హానరాకి.”

రెండు వందల మంది మా అమ్మ కోసం జపం చెప్పారు. నాకు కళ్ళు మండాయి. నేనెక్కడున్నానో, ఎందుకు దాక్కున్నానో క్షణంపాటు మరిచిపోయాను. మా ఇంట్లో ఆఖరిదాన్ని నేనే.

“మా కోర్కెలన్నీ నీ ఒళ్ళో పెట్టాం తల్లీ,” అంది నా నోరు, చిన్నప్పటిలాగే గట్టిగా, సాగదీస్తూ, సీటు కింద నుంచి.

బస్సులో పిల్లలు బిగుసుకుపోయారు. బయట తలలన్నీ ఆ గొంతు ఎక్కడిదో వెతుక్కుంటున్నాయి. అదింకా సగమే. ఆమెన్ చెప్పలేదు. నోరు మూసుకుని అక్కడే కూర్చుంటే నన్నెవరూ చూడలేదు, ఎవరూ రుజువు చెయ్యలేరు. పొద్దుగూకాక రొట్టె పట్టుకుని అక్క ఇంటికి పోవచ్చు. ఇదంతా నేను ఆలోచించాను. ఆలోచించలేదని చెబితే అబద్ధమవుతుంది.

“ఎనిమిదీ ఇరవై ఏడు,” అన్నాడు టిల్లరీ, ఎవరితోనూ కాదన్నట్టు.

వెర్లీన్ కిందికి చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని, కీళ్ళు పటపటలాడుతుంటే లేచాను. సగం తెరిచున్న కిటికీ పూర్తిగా దించి తల బయట పెట్టాను. ఎదురుగా మా అక్క మొహం. నన్ను చూసింది. నేను కళ్ళు తిప్పుకోలేదు.

“ఇక మా ఇంటిని కాచుకో. ఆమెన్.”

“ఆమెన్,” అన్నారు రెండు వందల మందీ.

సిలువ గుర్తు వేసుకున్నారు. లేచారు. ఎవరూ ఆలోచించి లేవలేదు, అదే అందులో తమాషా. ఆఖరి బిడ్డ ఆమెన్ అన్నాక మోకాళ్ళ మీద ఉండటం మా కొండ మీద ఎవరికీ చేతకాదు. ఒకరు మేజోళ్ళు దులుపుకుంటున్నారు, ఒకరు పక్కావిడ భుజం పట్టుకుని లేస్తున్నారు, ఒకరు జారిపోయిన చెప్పు వెతుక్కుంటున్నారు. అక్క కూడా లేచి గౌను ముందు భాగం దులుపుకుంది. దులుపుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది. అప్పటికే వీధి మధ్యలో బస్సు పట్టేంత దారి తెరుచుకుంది.

కెప్టెన్ టోపీ పెట్టుకున్నాడు. “జపం అయింది, ఆమెన్ కూడా అయింది. ఇక పక్కకి జరగండమ్మా,” అన్నాడు. ఆయన గొంతులో సంతోషం దాచుకోవడం ఆయనకి చేతకాలేదు.

ఎనిమిదీ ఇరవై తొమ్మిదికి బడి గేటు దాటాం. ఇరవై ఆరు మంది పిల్లలూ సీట్లు చరుస్తూ, కాళ్ళు నేలకేసి బాదుతూ చేసిన గోల మీరు విని ఉండాల్సింది. వెనక సీటు కుర్రాడు దిగుతూ దిగుతూ నాకు వంగి దణ్ణం పెట్టి, “ఆవు ఆత్మకి శాంతి కలుగుగాక” అన్నాడు. టిల్లరీ ఇంజను ఆపి, ఆ ఉద్యోగంలో నేను చూడగా మొదటిసారి పూర్తిగా వెనక్కి తిరిగి నవ్వాడు. నా కొంప కూలిందని నాకు తెలుసు. అయినా చాలా ఏళ్ళుగా నేను అంత సంతోషంగా లేను.

మధ్యాహ్నం రెండింటికి, పిల్లలు తిరిగి బస్సెక్కుతుండగా, అక్క వచ్చింది. చంకలో నిన్నటి రొట్టె ఉంది.

“ఇది ఎవరు కాల్చారు?”

“బేకరీ ఆయన.”

“మా వినీ చెయ్యి చూడండని మూడు వారాలుగా ఊరందరికీ చెప్పుకున్నాను. ఫాదర్‌గారికి కూడా ఒకటి పంపాను.”

“ఆయనేమన్నారు?”

“బాగుందన్నారు. మాట మార్చకు.” రొట్టె నా చేతుల్లో కుక్కి, మెట్లెక్కి లోపలికి వచ్చేసింది.

“అమ్మగారూ, పాసు లేకుండా ఎక్కకూడదండీ,” అన్నాడు టిల్లరీ.

“నేను దీని అక్కని.”

“అది పాసు కాదండీ.”

“ఈ కొండ మీద అంతకంటే పెద్ద పాసు లేదు.”

టిల్లరీ నా వంక చూశాడు. నేను తల ఊపాను. పిల్లలు పొద్దుటి గోలంతా మింగేసి ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. అక్క వాళ్ళని చూడలేదు. నన్నే చూస్తూ గొంతు తగ్గించింది.

“దిగు వినీ. స్క్వేర్ కూడలి దగ్గర మగవాళ్ళు కాసుక్కూర్చున్నారు. పొద్దున ఆగని బస్సుని ఇప్పుడు ఆపుతారట. కొండ మనిషే లోపలుందని తెలిశాక మరీ మండిపడుతున్నారు.”

“నీకెవరు చెప్పారు?”

అక్క నా కోటు చెయ్యి పట్టుకుని లాగింది. “నాతో ఇంటికి రా. తప్పయిందని ఒక్క మాట అను, చాలు. మిగతాది నేను చూసుకుంటాను. రేపటికి మళ్ళీ నువ్వు మా మనిషివే. ఇప్పుడు దిగకపోతే నేను కూడా ఏమీ చెయ్యలేనే.”

అక్క బెదిరించడం లేదు. బతిమాలుతోంది. జన్మలో అక్క నన్ను బతిమాలడం అదే మొదటిసారి. దిగాలనిపించింది. నిజంగా అనిపించింది.

“నేను దిగితే లోపల పెద్దవాళ్ళు ఎవరుంటారక్కా?”

“నీకు వాళ్ళు ఏమవుతారే?”

“అదే నన్ను నేను రోజూ అడుక్కుంటున్నాను. జవాబు రావడం లేదు గానీ పొద్దున్నే బస్సెక్కుతున్నాను.”

అప్పుడు వెర్లీన్ తన చోటు నుంచే మెల్లగా మాట్లాడింది. “ఒకటడగొచ్చాండీ? పొద్దున చాలామందికి ప్రార్థన చేశారు కదా. ఆవు దాకా వచ్చారు. మా దాకా రాలేదేంటండీ?”

అక్క మొదటిసారి ఆ పిల్లని చూసింది. “మీకెందుకు? అవి పోయినవాళ్ళకి. మీరు బతికే ఉన్నారుగా.”

“అలాగే ఉండాలనే అడుగుతున్నానండీ.”

అక్క ఆ పిల్ల కనుబొమ్మ మీది మచ్చ చూసింది. ఆ తర్వాత చేతిసంచి సర్దుకుని, “కొంచెం జరుగు,” అని వెర్లీన్‌ని పక్కకి జరిపి, తను కిటికీ పక్కన కూర్చుంది.

“నేను ఈ బస్సులకి వ్యతిరేకమే. అది మాత్రం గుర్తు పెట్టుకో,” అంది నాతో.

“పెట్టుకున్నానక్కా.”

“రేపు మళ్ళీ రోడ్డు మీద మోకరిస్తాను.”

“అలాగే. రేపు మాత్రం నాన్న పేరు ఎత్తకు.”

అక్క పెదవి కొరుక్కుంది. ఆపుకోవాలని చూసింది, వల్ల కాలేదు. భుజాలు ఊగాయి. మేమిద్దరం చిన్నప్పుడు జపం మధ్యలో నవ్వొచ్చి తన్నులు తిన్నట్టే నవ్వాం, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా. మా ఇద్దరినీ చూసి వెర్లీన్ కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా. టిల్లరీ బస్సు కదిలించాడు.

స్క్వేర్ మలుపులో ముందు పోలీసు మోటారు సైకిలు తిరిగింది, వెనకే మేము. ఇరవై మందికి పైగా ఉన్నారు, రోడ్డుకి అటూ ఇటూ. అందరికంటే ముందు, చేతిలో అర ఇటుకతో, అక్క పెద్దకొడుకు డెక్లన్ నిలబడి ఉన్నాడు. పందొమ్మిదేళ్ళవాడు. నా ఒళ్ళో పెరిగినవాడు. బస్సుని చూసి చెయ్యి పైకెత్తాడు.

ఇవాళ పొద్దుటి దాకా కొండనంతా ఈ బస్సులకి ఎదురు నిలబెట్టిన మా అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కనున్న పిల్ల తల తన ఒళ్ళోకి వంచేసి, “ఇక్కడ ఆపండి,” అంది టిల్లరీతో. ఆయన ఆపాడు. అక్క కిటికీ దించి తల బయట పెట్టింది.

“డెక్లన్ అలోషియస్ మల్వీ,” అని వాడి పేరు మొత్తం పిలిచింది. “నీ చేతిలో ఏమిటది? ఇలా తీసుకొచ్చి నాకివ్వు.”

వెనకున్న మగవాళ్ళంతా వాడి వంకే చూస్తున్నారు. వాడు తల్లిని చూశాడు, నన్ను చూశాడు, బస్సు వైపు ఒక అడుగు వేశాడు. ఇటుక ఇంకా పైకెత్తిన చేతిలోనే ఉంది.